కాంటా గది కంప్యూటర్‌కు డిస్‌ప్లే ఎందుకు పోతోంది?

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో లారీలు తూచే వే బ్రిడ్జి కాంటాకు కట్టి ఉన్న డెస్క్‌టాప్ ఇది. ఇంటెల్ జీ31 చిప్‌సెట్ మదర్‌బోర్డు, కోర్ 2 డుయో ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 32 బిట్ విండోస్ 7, పద్దెనిమిదిన్నర అంగుళాల ఎల్‌సీడీ మానిటర్. గ్రాఫిక్స్ కార్డు వేరుగా లేదు, మానిటర్ కేబుల్ పెట్టడానికి బోర్డు మీద ఉన్న వీజీఏ పోర్టే దిక్కు. జీ31 చిప్‌సెట్ 2007లో వచ్చింది. మన వైపు చిన్న ఆఫీసులు, ఇంటర్నెట్ సెంటర్లు, కాలేజీ ల్యాబులు చాలావాటిలో ఒకప్పుడు ఈ బోర్డులే ఉండేవి.

ఇంత పాతదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు, కొత్తది కొనొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకంటే ముందు వచ్చి చూసినవాళ్లూ అదే అన్నారట. కానీ కాంటా గదిలో అది అంత సులువు కాదు. లారీ బరువు, దాన్ని అంకెల్లో చూపించే ఇండికేటర్ నుంచి కంప్యూటర్‌లోకి తొమ్మిది పిన్నుల కామ్ పోర్టు ద్వారా వస్తుంది. చిట్టీ కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఎల్‌పీటీ పోర్టుకు ఉంది. ఈ రెండు పోర్టులూ చాలా జీ31 బోర్డుల్లో వెనకాల వీజీఏ పక్కనే ఉంటాయి, ఇప్పటి బోర్డుల్లో మామూలుగా ఉండవు. పైగా కాంటా సాఫ్ట్‌వేర్ డాంగిల్ అనే చిన్న తాళం ముక్క కంప్యూటర్‌కు గుచ్చి ఉంటేనే నడుస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసిచ్చినవాళ్లు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. కాబట్టి బోర్డు బతికి ఉన్నంతకాలం దాన్నే నడపాలి.

సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు మొదలయ్యాయంటే మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు, లారీలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. బండి కాంటా మీద ఉండగా స్క్రీన్ నల్లబడితే ఆ బండి కదలదు, వెనకాల ఉన్నదీ కదలదు. డ్రైవర్లు గొడవ, సేటు గొడవ, మధ్యలో కాంటా ఆపరేటర్‌కు టెన్షన్. అతను నాతో చెప్పిన ఫిర్యాదు మొత్తం ఇంతే: "డిస్‌ప్లే వస్తది, పోతది అన్నా. ఎప్పుడు పోతదో తెల్వదు."

అప్పటికే జరిగిన వైద్యం చాలా ఉంది. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచారు. వీజీఏ కేబుల్‌ను ఎలుక కొరికితే కొత్తది వేశారు. సెకండ్ హ్యాండ్ మానిటర్ ఒకటి తెచ్చి పెట్టి, దాంట్లోనూ అలాగే పోతోందని వెనక్కి ఇచ్చేసి పాతదే పెట్టారు. విండోస్ మళ్లీ ఎక్కించారు. ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఆఖరికి "మదర్‌బోర్డు పోయింది" అని తేల్చారు.

వీటిలో తెలివితక్కువ పని ఒక్కటీ లేదని నా అభిప్రాయం. కేబుల్ నిజంగానే మార్చాల్సింది, ర్యామ్ తుడవడంలో తప్పు లేదు. కాకపోతే స్క్రీన్ నల్లబడటం అనేది ఒక్క లోపమే అనుకుని అందరూ దానికి ఒక్క కారణం కోసం వెతికారు. స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ నడుస్తోందా లేదా అని ఎవరూ చూడలేదు.

అందుకే నేను మొదట స్క్రూడ్రైవర్ తీయలేదు. చిట్టీల కట్ట పక్కన ఒక నోట్‌బుక్ పెట్టించి, డిస్‌ప్లే పోయిన ప్రతిసారీ కొన్ని సంగతులు రాయమన్నాను. టైమెంత. మానిటర్ లైటు నీలంగా నిలకడగా ఉందా, పసుపు రంగులో మిణుకుతోందా. కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా. మిల్లు మోటార్లు నడుస్తున్నాయా. ఇంకొకటి, ఫోన్ టార్చ్ వేసి స్క్రీన్‌ను ఏటవాలుగా చూస్తే లోపల అక్షరాలేమైనా మసకగా కనబడుతున్నాయా.

నమ్ లాక్ లైటు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పాత డెస్క్‌టాప్‌కు దాన్ని మించిన నాడి లేదు. ఆ లైటు మారుతోందంటే ప్రాసెసర్, ర్యామ్, విండోస్ అన్నీ బతికే ఉన్నాయి. లోపాన్ని మొదట వీజీఏ పోర్టుకు అవతల, అంటే కేబుల్‌లోనో మానిటర్‌లోనో వెతకాలి. మారడం లేదంటే మానిటర్‌ను ముట్టుకోవడం దండగ, పెట్టె లోపలే ఏదో ఆగిపోయింది.

ఆపరేటర్ కుర్రాడు ఓపికగా రాశాడు. నోట్‌బుక్ చూస్తే ఒక్క వరసలో పెట్టగలిగే లోపం కాదని అర్థమైంది. పొద్దున పోయేవి కొన్ని, ఎండ ముదిరాక పోయేవి కొన్ని. పొద్దున పోయేవాటిలోనే రెండు రకాలున్నాయి: నమ్ లాక్ పనిచేస్తూ టార్చ్ వెలుగులో అక్షరాలు కనిపించేవి, నమ్ లాక్ కూడా చచ్చిపోయేవి. ఇవి కాక నేను అడగని సంగతులు కూడా రాశాడు: "మిల్లు నడిచేటప్పుడు గీతలు ఉరుకుతున్నయి", "టేబుల్ తాకితే అంతా గులాబీ రంగు."

గులాబీ రంగుతో మొదలుపెట్టాను, అది తేలిక కాబట్టి. మానిటర్ బటన్ నొక్కి దాని సొంత మెనూ తెప్పించాను. ఈ మెనూ మానిటర్ లోపలే తయారవుతుంది, కేబుల్ గుండా రాదు. వెనక బొమ్మ గులాబీగా ఉన్నా మెనూలో తెలుపు తెల్లగానే ఉంది. కాబట్టి ప్యానెల్ బాగానే ఉంది. వీజీఏలో మొదటి పిన్ను ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. తెలుపులోంచి ఆకుపచ్చ పోతే మిగిలేది గులాబీ. ఎరుపు పోతే నీలం-ఆకుపచ్చ కలిసిన రంగు వస్తుంది, నీలం పోతే పసుపు వస్తుంది. రంగు చూసి ఏ పిన్ను దగ్గర తేడా ఉందో చెప్పేయొచ్చు. ఎలుక కొరికిన దాని బదులు వేసిన కేబుల్ చాలా నాసిరకం, పోర్టుకు బిగించే స్క్రూలు కూడా ఒకవైపు ఊడిపోయాయి. టేబుల్ కదిలితే రెండో పిన్ను పట్టు తప్పుతోంది.

ఆ కేబుల్‌లో ఇంకో లోపం కూడా ఉంది. మానిటర్ తన పేరు, తనకు పట్టే రిజల్యూషన్ల వివరం కంప్యూటర్‌కు చెప్పుకునేది 12, 15 పిన్నుల ద్వారా. కొన్ని చవక కేబుళ్లలో ఈ వైర్లు వేయరు. అప్పుడు విండోస్‌కు ఎదుట ఏ మానిటర్ ఉందో తెలియదు, దాన్ని 'జెనెరిక్ నాన్-పీఎన్‌పీ మానిటర్' అని చూపిస్తుంది. ఇక్కడ 1366×768 మానిటర్ మీద 1024×768 బొమ్మ అడ్డంగా సాగి కనిపిస్తోంది. ఎవరో దాన్ని సరిచేద్దామని మానిటర్‌కు పట్టని రిజల్యూషన్ పెడితే 'ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్' అని వచ్చి స్క్రీన్ నల్లబడిందట. విండోస్ మళ్లీ ఎక్కించింది ఆ రోజే. దానికి అంత పని అక్కర్లేదు. ఆన్ చేస్తూనే ఎఫ్8 నొక్కి తక్కువ రిజల్యూషన్ వీడియో ఎంచుకుంటే 640×480లో తెరుచుకుంటుంది, అక్కడ సరిచేసుకోవచ్చు. దిట్టమైన కేబుల్ వేసి రెండు వైపులా స్క్రూలు బిగించగానే మానిటర్ పేరు, అసలు రిజల్యూషన్ వాటంతటవే వచ్చాయి. కొత్త కేబుల్ కొన్నప్పుడు 9వ పిన్ను లేదని కంగారు పడక్కర్లేదు, చాలా కేబుళ్లలో దాన్ని కావాలనే వదిలేస్తారు.

పొద్దున పోయే రకాల్లో మొదటిది, టార్చ్ వేస్తే అక్షరాలు కనిపించేది, బ్యాక్‌లైట్ లోపం. ఆ కాలపు మానిటర్ల వెనక ఎల్‌ఈడీలు కాకుండా సన్నటి ట్యూబ్‌లైట్లు ఉంటాయి. వాటిని వెలిగించే ఇన్వర్టర్ భాగానికి సరైన కరెంటు అందకపోతే రెండు సెకన్లు వెలిగి, తనను తాను కాపాడుకోవడానికి ఆర్పేస్తుంది. మానిటర్ విప్పితే పవర్ బోర్డు మీద, కరెంటును నిలవ చేసి నిలకడగా అందించే కెపాసిటర్లు నెత్తి ఉబ్బి ఉన్నాయి. పాతబడ్డ కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు మరీ మొండికేస్తుంది, కాస్త వేడెక్కాక దారికొస్తుంది. ఆపరేటర్ పొద్దున్నే మానిటర్ బటన్ పదేపదే నొక్కుతూ ఉంటే కాసేపటికి వెలగడానికి కారణం అదే. కెపాసిటర్లు మార్చాక వెలుగు మళ్లీ పోలేదు. ఇక్కడ ఒక హెచ్చరిక: ఆ బోర్డు మీద పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు నిలవ ఉంటుంది. అలవాటు లేనివాళ్లు మానిటర్ విప్పకపోవడమే మంచిది.

ఉరికే గీతల దగ్గర నాకు ఎక్కువ పని పడింది. మిల్లు ఆగితే గీతలుండవు. ఎలివేటర్, హల్లర్ మోటార్లు ఎక్కగానే స్క్రీన్ మీద అడ్డంగా వెడల్పాటి నీడ పట్టీలు పరుగెడతాయి, అక్షరాలు వణుకుతాయి. మానిటర్ మెనూ తెప్పించి చూస్తే అది కదలకుండా నిలకడగా ఉంది, వెనక బొమ్మ మాత్రమే వణుకుతోంది. అంటే అల్లరి కేబుల్ గుండా వస్తోంది. కొత్త కేబుల్ వేశాకా తగ్గలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, స్క్రీన్ 60 హెర్ట్జ్. రెండింటికీ పొత్తు కుదరదు కాబట్టి మెయిన్స్ కరెంటు వీడియో సిగ్నల్‌లో కలిసినప్పుడు పట్టీ ఒకచోట నిలబడదు.

కాంటా సాఫ్ట్‌వేర్ మూసి, కామ్ పోర్టు కేబుల్ పీకాను. మోటార్లు నడుస్తూనే ఉన్నాయి, గీతలు మాయమయ్యాయి. మళ్లీ పెట్టగానే వచ్చాయి.

అప్పుడు ప్లగ్గుల వెంట పడ్డాను. మానిటర్ ఆఫీసు లైన్‌లోని గోడ సాకెట్‌కు ఉంది, దానికి ఎర్త్ ఉంది. కాంటా ఇండికేటర్ మిల్లు ప్యానెల్ నుంచి లాగిన వేరే లైన్‌కు ఉంది, దానికీ ఎర్త్ ఉంది, కాకపోతే అది మోటార్లకు వేసిన ఎర్త్. కంప్యూటర్ పెట్టె యూపీఎస్‌కు, యూపీఎస్ ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు. ఆ బాక్స్‌కు మూడు పిన్నుల సాకెట్లున్నా లోపలికి వచ్చేది రెండు వైర్లే. అంటే పెట్టెకు తన సొంత ఎర్త్ లేదు. ఒకవైపు కామ్ కేబుల్ గ్రౌండ్, మరోవైపు వీజీఏ కేబుల్ గ్రౌండ్ దాన్ని పట్టుకుని ఉన్నాయి. మోటార్లు నడిచినప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య తేడా వస్తుంది. ఆ తేడా కరెంటు ఇండికేటర్ నుంచి కామ్ కేబుల్, పెట్టె, వీజీఏ కేబుల్ మీదుగా మానిటర్ ఎర్త్‌కు పారుతుంది. వీజీఏ సిగ్నల్ అంతా కలిపి ఒక వోల్టు కూడా ఉండదు, 0.7 వోల్టులే. అంత సన్నటి సిగ్నల్ మీద పావు వోల్టు అల్లరి కలిసినా కంటికి కనబడుతుంది.

అన్ని కేబుళ్లూ పీకి, పవర్ ఒక్కటే ఉంచి, మల్టీమీటర్‌తో పెట్టె ఇనుముకూ మంచి ఎర్త్‌కూ మధ్య చూస్తే 110 వోల్టుల దగ్గర ఏసీ చూపించింది. ఇది ఎస్‌ఎంపీఎస్, అంటే పెట్టె లోపలి పవర్ సప్లై, పాడైనట్టు కాదు. దాని లోపల ఫిల్టర్ కోసం ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి పెట్టె ఇనుముకు చిన్న కెపాసిటర్లు కట్టి ఉంటాయి. ఎర్త్ లేకపోతే పెట్టె సగం వోల్టేజీ దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణం తీయదు, చెయ్యి మాత్రం జివ్వుమంటుంది, టెస్టర్ వెలుగుతుంది. "ఒట్టి కాళ్లతో ముట్టుకుంటే గుంజుతది" అని ఆపరేటర్ తర్వాత చెప్పాడు. అది కూడా డిస్‌ప్లేకు సంబంధించిన సంగతే అని అతనికెలా తెలుస్తుంది! కానీ ఈ స్థితిలో ఆన్‌లో ఉండగా వీజీఏ కేబుల్‌నో కామ్ కేబుల్‌నో పీకి పెడితే, గ్రౌండ్ కంటే ముందు సిగ్నల్ పిన్ను తగిలినప్పుడు ఆ వోల్టేజీ నేరుగా చిప్‌లోకి వెళ్తుంది. వీజీఏ పోర్టులు, కామ్ పోర్టులు కాలిపోయేది ఇలాగే.

మిల్లు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి కాంటా గదికి ఒకే బోర్డు వేయించాను. కంప్యూటర్, మానిటర్, ప్రింటర్, ఇండికేటర్ అన్నీ ఆ ఒక్క బోర్డుకే, ఒకే ఎర్త్‌కే. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే నీళ్లు పోయించాను, ఎండాకాలంలో వారానికోసారి పోయాలని వాచ్‌మన్‌కు చెప్పాను. గీతలు పోయాయి. లైన్లు ఇలా కలపడం కుదరని చోట కామ్ కేబుల్ మధ్యలో, సిగ్నల్‌ను వెలుగు ద్వారా దాటించే ఆప్టో ఐసొలేటర్ పెట్టుకుంటే రెండు గ్రౌండ్లు విడిపోతాయి.

ఇక మిగిలింది ఎండ ముదిరాక పోయేది. ఫ్యాను తిరుగుతుంటుంది, నమ్ లాక్ చచ్చిపోతుంది, మానిటర్ లైటు పసుపుగా మిణుకుతుంటుంది. పెట్టె తెరిస్తే ప్రాసెసర్ హీట్‌సింక్ కనిపించలేదు, దాని మీద గట్టిగా అట్టకట్టిన గోధుమ రంగు పొర ఉంది. మిల్లు దుమ్ము మామూలు దుమ్ము కాదు, తౌడులో నూనె ఉంటుంది. బ్లోయర్ కొడితే పైపైది పోతుంది, అడుగుది అతుక్కునే ఉంటుంది. కుంచెతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, విచ్చలవిడిగా తిరగనిస్తే బేరింగ్ పోతుంది. శుభ్రం చేసి, థర్మల్ పేస్ట్ కొత్తది రాసి పెడితే ప్రాసెసర్ వేడి బాగా దిగింది, కానీ మధ్యాహ్నం పోవడం ఆగలేదు.

ప్రాసెసర్‌కు వెళ్లే నాలుగు పిన్నుల కనెక్టర్ వెనక నుంచి పసుపు, నలుపు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టాను. పొద్దున 11.8 వోల్టులు. మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్, ప్రింటింగ్ నడుస్తుండగా 11.2. ఈ 12 వోల్టుల లైన్ 11.4 కంటే దిగకూడదు. ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్స్ అని స్టిక్కరుంది. దాని బరువు చూస్తే అందులో సగం కూడా ఇవ్వదని తెలుస్తోంది. మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి తెచ్చి, పాతదాన్ని విప్పకుండా, కొత్తదాన్ని బయట టేబుల్ మీదే ఉంచి కనెక్టర్లు మాత్రం మార్చి నడిపించాను. మధ్యాహ్నం పోవడం పూర్తిగా ఆగింది. మరో భాగం ఏదీ ఆ సమయంలో మార్చలేదు. రెండు భాగాలు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తర్వాత తేల్చుకోలేం.

అలా చేయడం వల్లే ఆఖరి లోపం విడిగా బయటపడింది. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో కూడా పొద్దున మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాను తిరిగి డిస్‌ప్లే రాదు, రీసెట్ నొక్కితే వస్తుంది. నోట్‌బుక్‌లోని రెండో రకం పొద్దుటి లోపం ఇదే. ర్యామ్ తీసేసి ఆన్ చేస్తే బీప్‌లు వచ్చాయి, అంటే ప్రాసెసర్, ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ ప్రోగ్రామ్ లేస్తున్నాయి. ప్రాసెసర్ పక్కన వరసగా ఉన్న కెపాసిటర్లలో కొన్ని నెత్తి మీద కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. చేత్తో తడిమితేనే తెలిసేంత. ప్రాసెసర్‌కు ఒక వోల్టు చిల్లర దగ్గర స్థిరంగా కరెంటు అందించాల్సింది ఇవే. చల్లగా ఉన్నప్పుడు ఆ పని చేయలేకపోతున్నాయి.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉండే), 105 డిగ్రీల రకం కెపాసిటర్లు తెప్పించాను. మైక్రోఫారడ్ అంతే ఉండాలి, వోల్టేజీ పాతదానికి సమానమో ఎక్కువో ఉండొచ్చు. 85 డిగ్రీల మామూలు రకం చవక, అందుకే కొందరు అది వేసేస్తారు. మే నెలలో 44 డిగ్రీలు మన జిల్లాకు కొత్తేమీ కాదు, పెట్టె లోపల ఇంకా ఎక్కువ. కెపాసిటర్ చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని లెక్క. మదర్‌బోర్డు గ్రౌండ్ పొర వేడిని లాగేస్తుంది కాబట్టి చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో పాత కాళ్లు ఊడి రావు, బలవంతంగా లాగితే రంధ్రం లోపలి రాగి పూత లేచిపోతుంది. వేడి సరిపోయే ఐరన్‌తో నిదానంగా చేయాలి. ప్లస్, మైనస్ తారుమారైతే ఆన్ చేయగానే పేలుతుంది. పనిలో పనిగా బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చాను. అది దిగిపోయి తేదీ వెనక్కి వెళ్లినప్పుడల్లా చిట్టీల మీద ఏళ్ల కిందటి తేదీ పడేదట.

ఆ తర్వాత యాసంగి బండ్లన్నీ దిగిపోయేదాకా నోట్‌బుక్‌లో కొత్త రాత పడలేదు.

"ఇంకెన్నేండ్లు నడుస్తది?" అని సేటు అడిగారు. కెపాసిటర్లకు, ఎస్‌ఎంపీఎస్‌కు ఇప్పట్లో ఢోకా లేదు. చిప్‌సెట్‌లో ఉన్న గ్రాఫిక్స్ ఎప్పుడైనా పోవచ్చు. అలా పోతే బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఖాళీగా ఉంది, తక్కువ కరెంటు తాగే చిన్న కార్డు పెట్టి నడపొచ్చు. సెకండ్ హ్యాండ్ జీ31 బోర్డు ఒకటి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో చూసి, పరీక్షించి బీరువాలో పెట్టుకోమన్నాను. విండోస్ 10 ఎక్కించమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దన్నాను, ఈ చిప్‌సెట్‌కు ఇంటెల్ ఆ డ్రైవర్ ఇవ్వలేదు, డిస్‌ప్లే మళ్లీ సాగిపోయి కూర్చుంటుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి, కాబట్టి ఈ కంప్యూటర్‌కు నెట్ కనెక్షన్ ఇవ్వొద్దని, ఈమెయిల్ పనులు గుమాస్తా ల్యాప్‌టాప్‌లో చూసుకోమని చెప్పాను. కాంటా డేటా రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసే పని ఆపరేటర్‌కు అప్పజెప్పారు.